ఆదివారానికో గేరు

“ఎవరండీ?” అంది తలుపు తీసిన అమ్మాయి.

చక్రి జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. పటమటలో బయల్దేరినప్పుడు నాలుగు చినుకులు. ఇబ్రహీంపట్నం దాటేసరికి కుండపోత. కొండపల్లిలో ఇల్లు కనుక్కుని బండి ఆపేసరికి అతని బూట్లలో చేపపిల్లల్ని పెంచుకోవచ్చు.

“తిరుపతిరావు మామయ్య ఉన్నారాండీ?”

“ఏ మామయ్య?”

“తిరుపతిరావు గారండీ. నేను పద్మావతి అత్తయ్యకి మేనల్లుణ్ణి. చక్రిని.”

“మా అమ్మకి మేనల్లుడా?” ఆ అమ్మాయి తలుపు ఇంకాస్త దగ్గరికి వేసింది. “నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ ఈ ఇంట్లోనే ఉంటున్నా. మేనల్లుడనేవాడు పండక్కి రాలేదు, పబ్బానికి రాలేదు. మా రేషన్ కార్డులో కూడా లేడు.”

“సింధూరీ... నువ్వే కదూ?”

“అబ్బో! పేరు గుర్తుందే!”

ఒక తువ్వాలు వచ్చి అతని మొహాన పడింది. తుడుచుకుని కళ్ళు తెరిచేసరికి ఆమె నవ్వాపుకోలేక పెదవి కొరుక్కుంటోంది. మనవాడు ఆ గుమ్మంలోనే పడిపోయాడు. ఆ సంగతి లోపల కుర్చీలో పేపరు చదువుకుంటున్న మామయ్యకి కూడా తెలిసిపోయింది. వాడికి మాత్రం తెలియడానికి చాలా రోజులు పట్టింది.

ఈ రెండిళ్ళ మధ్య మాటలు పోవడానికి కారణం ఒక లేత్ మిషన్. చక్రి తాత వెంకటప్పయ్య గారు ఏ కాలంలోనో మద్రాసు నుంచి లారీలో తెప్పించిన ఇంగ్లండు మిషన్ అది. పటమటలో ఇంటి వెనక షెడ్డులో ఉండేది. తాతతో పాటు దాని మీద పని చేసింది అల్లుడు తిరుపతిరావు. షెడ్డు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నది కొడుకు, అంటే చక్రి నాన్న. పెద్దాయన పోయాక పెద్దమనుషులు కూర్చుని, మిషన్ కొడుక్కి అన్నారు. అల్లుణ్ణి “ఏమంటావయ్యా?” అని ఒక్కరూ అడగలేదు.

తిరుపతిరావు కూడా ఏమీ అనలేదు. లేచి షెడ్డులోకి వెళ్ళి, మిషన్‌కి తగిలించే గేర్లున్న చెక్కపెట్టెని భుజానికెత్తుకుని, పెళ్ళాన్నీ చంటిదాన్నీ తీసుకుని కొండపల్లి బస్సెక్కేశాడు. పంతమంటే అదీ!

గేర్లు లేని లేత్ మీద ఇనుమును గుండ్రంగా చెక్కొచ్చు గానీ బోల్టుకి మరలు కొయ్యలేం. ఇక లేత్ లేని గేర్లంటారా, ఊరగాయ జాడీ మూత మీద బరువు పెట్టుకోవడానికి పనికొస్తాయి. అలా మిషనేమో పటమటలో టార్పాలిన్ కిందా, గేర్లేమో కొండపల్లిలో అటక మీదా ఉండిపోయాయి. తిరుపతిరావు థర్మల్ స్టేషన్ వర్క్‌షాపులో టర్నర్‌గా చేరి అక్కడే రిటైరయ్యాడు. బావా బావమరదులిద్దరూ ఒక్క ఊరి చుట్టుపక్కలే ఉండి, పెళ్ళిళ్ళలో ఎదురుపడినా మొహాలు తిప్పుకున్నారు.

నిరుడు చక్రి నాన్న పోయాడు. మిషన్ చక్రిదైంది. ఆటోనగర్‌లో ఒక సీఎన్‌సీ షాపులో కంప్యూటరు మిషన్ల ముందు రోజంతా బటన్లు నొక్కే కుర్రాడు, ఒకరోజు ఎందుకో ఆ టార్పాలిన్ ఎత్తి చూశాడు. తుప్పు కింద తాత చేతుల నునుపు ఇంకా ఉంది. అంతే, పిచ్చి పట్టింది. మోటారు మార్చాడు, బెల్టు వేశాడు, మిషన్ కింద పొడుగ్గా ఉండే ఇనప బెడ్డుని చేత్తో చిన్న చిన్న పొరలుగా గీకుతూ సమం చెయ్యడం మొదలుపెట్టాడు. అన్నీ కుదురుతున్నాయి. గేర్లే లేవు. అందుకే ఈ వానలో ఈ రాక.

“అడగాల్సింది మీ నాన్న,” అన్నాడు తిరుపతిరావు అంతా విని. “ఆయన లేడు. ఇంకెవరి మీద పెట్టుకోను ఆ కోపం? తీసుకెళ్ళరా.”

పద్మావతి అత్తయ్య కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ వంటింట్లోకి పరిగెత్తింది. మేనల్లుడికి ఉల్లిపాయ పకోడీలు వెయ్యడానికి.

“ఆగండాగండి,” అంది సింధూరి. “ఆ పెట్టె నా చిన్నప్పట్నుంచీ మా అటక మీదుంది. ఇవాళొచ్చి ఎత్తుకుపోతానంటే కుదరదు. గేర్లన్నీ గ్రీజు గడ్డకట్టి ఉన్నాయి. నేను కిరోసిన్‌లో నానబెట్టి, కడిగి ఇస్తా. ఆదివారానికి ఒకటి.”

“ఒకటా? పెట్టె మొత్తం ఇచ్చెయ్, నేనే కడుక్కుంటా.”

“నీ మిషన్ నువ్వు కడుక్కో. మా నాన్న గేర్లు నేను కడుగుతా. ఇష్టమైతే రా, లేకపోతే మానెయ్.”

చక్రి మామయ్య వంక చూశాడు. ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

*

అలా ఆదివారాలు మొదలయ్యాయి.

సింధూరి థర్మల్ స్టేషన్‌లో నీళ్ళు పరీక్షించే ల్యాబ్‌లో పని చేస్తుంది. వారమంతా గాజు గొట్టాలు కడిగే అమ్మాయి, శనివారం సాయంత్రం పాత టూత్‌బ్రష్షు తీసుకుని గేరు పళ్ళ సందులు తోముతుంది. ఆదివారం పొద్దున బండి చప్పుడు వినబడగానే దాన్ని ఒక స్టీలు పళ్ళెంలో పెట్టుకుని వస్తుంది.

“తాంబూలమా?” అన్నాడోసారి చక్రి.

“ఆశ!” అంది.

ఇంకో ఆదివారం ఆమె చెంప మీద నల్లగా గ్రీజు మరక. చక్రి దాన్నే చూస్తున్నాడు. చూసి చూసి, “ఇందులో ఒక పన్ను కొంచెం అరిగినట్టుంది సుమా,” అన్నాడు చేతిలో గేరు తిప్పుతూ.

“నన్ను చూస్తున్నావా, గేరు చూస్తున్నావా?”

“గేరే.”

“సంతోషం!” అని పళ్ళెం టీపాయ్ మీద ఠంగుమని పెట్టి లోపలికి వెళ్ళింది. తిరిగొచ్చేటప్పటికి మరక లేదు, కాటుక ఉంది. మనవాడు అప్పటికే గేరు పెట్టుకున్న సంచి జిప్పు లాగుతున్నాడు. ఏం చెయ్యాలండీ ఇలాంటి వాణ్ణి?

పోనీ మొద్దువాడా అంటే కాదు. మరలు కొయ్యడమంటే ఏమిటని ఆమె అడిగితే, కాగితాన్ని కోణంగా కత్తిరించి పెన్సిలు చుట్టూ చుట్టి చూపించాడు. “చూడు, ఇక్కడ మొదలైంది, తిరుగుతూ తిరుగుతూ ఇక్కడికొచ్చింది. గేర్లు సరిగ్గా పడితే మెట్టు మెట్టుకీ దూరం ఒక్కటే ఉంటుంది. ఒక్క గేరు తేడా పడినా నట్టు సగంలో పట్టేస్తుంది.”

“ఇంత చక్కగా మాట్లాడతావే! మరి మిగతా విషయాలకి నోరు రాదేం?”

“ఏ విషయాలకి?”

“ఏం లేదు. పకోడీ తిను.”

మామయ్య కూడా మెల్లిగా మాటల్లో పడ్డాడు. వరండాలో కూర్చుని తాత షెడ్డు కబుర్లు చెప్పేవాడు. “మీ తాతగారి దగ్గర ఒక పద్ధతుండేదిరా. ఎంత పెద్ద రిపేరైనా సరే, మిషన్ మీద ఓ ఇనపముక్కకి మరలు కోసే ట్రయల్ కట్టు పడాలి, ఆ ముక్కకి నట్టు ఎక్కించి చూడాలి. అప్పటిదాకా పనైపోయిందని ఎవడూ నోరెత్తకూడదు. నేనోసారి తొందరపడి అనేస్తే ఆ పూట నాతో మాట్లాడలేదాయన.”

చక్రికి ఆ మాట తెగ నచ్చింది. ఎంత నచ్చిందంటే, దాన్ని మిషన్‌కే కాకుండా తన మనసుకి కూడా పెట్టేసుకున్నాడు.

ఎందుకంటే శ్రావణ మాసంలో ఒక మధ్యాహ్నం సింధూరి బీసెంట్ రోడ్డులో ఏదో కొనుక్కుని, దారిలో పని ఉన్నట్టు పటమట వచ్చింది. చక్రి అమ్మ మేనకోడలికి కాఫీ ఇచ్చి, “వాడు షెడ్డులో ఉన్నాడే, చూసిరా,” అంది. షెడ్డులో చక్రి చేతులు మోచేతుల దాకా నీలం. బెడ్డు మీద నీలం రంగు పూసి, ఎక్కడ ఎత్తుందో చూసుకుంటూ గీకుతున్నాడు.

“కళ్ళు మూసుకో,” అన్నాడు.

“ఎందుకూ?”

“మూసుకో, చెప్తా.” ఆమె మణికట్టు పట్టుకుని అరచేతిని బెడ్డు మీద ఈ చివర నుంచి ఆ చివరకి నడిపించాడు. “ఎక్కడన్నా తగిలిందా?”

“లేదు.”

“ఇక్కడ?”

“లేదు బావా.”

ఆ మాటన్నప్పుడు ఆమె కళ్ళు తెరిచే ఉన్నాయి. రేకుల మీద వాన దడదడలాడుతోంది. చెయ్యి ఇంకా అతని చేతిలోనే ఉంది. అప్పుడు తెలిసింది చక్రికి. నోరు తెరిచాడు కూడా. తెరిచి, మామయ్య చెప్పిన పద్ధతి గుర్తొచ్చి మూసేశాడు. మిషన్ తిరగనీ, అనుకున్నాడు. దసరాకి ఆయుధపూజ చేసి, మామయ్య చేత ట్రయల్ కట్టు పెట్టించి, రెండిళ్ళ వాళ్ళూ నవ్వుతూ ఉన్నప్పుడు అడుగుతా. అప్పుడడిగితే ఎవరు కాదంటారు?

నిజానికి అప్పుడే అడిగినా ఎవరూ కాదనేవాళ్ళు కాదు. కులం అడ్డమా, కాదు. వరస అడ్డమా, అంతకన్నా కాదు. అమ్మకి ఇష్టం, అత్తకి ఇష్టం. అడ్డం వచ్చినవాళ్ళు ఒక్కరు లేరు ఈ కథలో. అదే బాధ.

“చేతికి నీలం అంటింది, కిరోసిన్ ఇవ్వనా?” అన్నాడు చక్రి.

సింధూరి అరచెయ్యి చూసుకుంది. “వద్దులే. ఉండనీ,” అని వెళ్ళిపోయింది.

*

గేర్లన్నీ వచ్చేశాయి. ఒకటి తప్ప.

అది అన్నిటికన్నా పెద్దది, నూట ఇరవై ఏడు పళ్ళది. పాత ఇంగ్లండు మిషన్లు అంగుళాల లెక్కలో నడుస్తాయి. ఇప్పుడు పనంతా మిల్లీమీటర్లలో. ఈ గేరు మధ్యలో పడితేనే ఆ మిషన్ మీద ఇప్పటి బోల్టులు తయారవుతాయి. అది లేకపోతే మిషన్ సగం మూగదే.

“పెద్దది కనపడ్డం లేదు,” అంది సింధూరి ఆ ఆదివారం.

“కనపడకపోవడమేంటి? పెట్టెలో ఉండాలిగా?”

“ఉండాలి. లేదు. వచ్చే ఆదివారానికి వెతికి పెడతాలే.”

వచ్చే ఆదివారం పళ్ళెంలో గేరు లేదు, పూతరేకులున్నాయి. “వెతుకుతున్నా బావా. అటక మొత్తం తిరగేశా. ఏమో, మళ్ళీ వారం దొరుకుతుందేమో.” ఆ చెప్పడంలో కళ్ళు నవ్వుతున్నాయి. పక్కింటి పాప చూసినా పట్టేస్తుంది ఆ నవ్వుని. ఆ తర్వాత ఆదివారం కూడా అదే మాట, అదే నవ్వు.

చక్రి నమ్మేశాడు. పాపం గేరు పోయింది, ఆ సంగతి చెప్పడానికి ఈ పిల్ల మొహమాటపడుతోంది, ఆదివారం వస్తే చాలు వెతకలేక చస్తోంది అనుకున్నాడు. దసరా దగ్గర పడుతోంది. తిన్నగా ఆటోనగర్‌లో గేర్లు కోసే నాగుల్ మీరా మిల్లింగ్ షాపుకి వెళ్ళాడు.

“కొత్త గేరు కొయ్యాలి మీరా భాయ్. నూట ఇరవై ఏడు.”

“పాతది పోయిందా?”

“పోయినట్టే. మా మామయ్య కూతురు వెతుకుతోంది, దొరకట్లేదు. నేను వెళ్ళినప్పుడల్లా వచ్చేవారం, వచ్చేవారం అంటోంది.”

నాగుల్ మీరా కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని చక్రి మొహంలోకి చూశాడు. “వచ్చేవారం రమ్మంటోందా?”

“ఆ.”

“అయితే వెళ్ళు తమ్ముడూ. గేరుదేముంది, నేను ఎప్పుడైనా కోసిస్తా.”

“అది కాదు భాయ్, ఆ పిల్లని ఇబ్బంది పెట్టడం నాకిష్టం లేదు.”

నాగుల్ మీరా కాస్ట్ ఐరన్ దిమ్మ తీసి మిషన్ మీద బిగించాడు.

ఆ ఆదివారం చక్రి కొండపల్లి వెళ్ళలేదు. కొత్త గేరు ఇరుసు మీద జారకుండా కీవే గాడి కోసుకుని, దాన్ని మిషన్‌కి బిగించుకుంటూ కూర్చున్నాడు. మెరిసిపోతున్న గేరుని ఫోటో తీసి సింధూరికి వాట్సాప్ పెట్టాడు. కింద రాశాడు కదా: “కొత్తది చేయించేశా. ఇక నువ్వు వెతకక్కర్లేదు. ఆదివారాలు హాయిగా రెస్ట్ తీసుకో.”

ఆ ముక్క రాస్తున్నప్పుడు వాడి మొహంలో ఎంత ప్రేమో! ఆమె శ్రమ తగ్గించానని ఎంత మురిసిపోయాడో!

చాలాసేపటికి జవాబొచ్చింది. ఒక బొటనవేలు బొమ్మ.

“సంతోషించింది,” అనుకున్నాడు.

తర్వాత ఆదివారం కూడా వెళ్ళలేదు. వెళ్ళడానికి ఇప్పుడు ఏం పనుందని? గేరు ఊసు లేకుండా వట్టి చేతుల్తో వెళ్తే మామయ్య ఏమనుకుంటాడు? పైగా దసరా రోజు ఎలాగూ అందరూ వస్తారు, అప్పుడు అన్నీ ఒకేసారి.

ఒక సాయంత్రం అమ్మ షెడ్డు గుమ్మంలోకొచ్చి నిలబడింది.

“అత్తయ్య ఫోన్ చేసిందిరా. సింధుకి మైలవరం సంబంధం వచ్చిందిట. అబ్బాయికి మందుల షాపుందిట. నీ మనసులో ఏమన్నా ఉంటే చెప్పు, ఇప్పుడే మాట్లాడతా.”

మిషన్ కింద పడుకుని బోల్టు బిగిస్తున్న చక్రికి ఒక్క క్షణం పానా జారింది. “దసరా అవనీ అమ్మా. మిషన్ తిరగనీ. అప్పుడు మాట్లాడదాం.”

“మిషన్‌కీ దీనికీ ఏం సంబంధంరా?”

“ఉందిలే. నీకు తెలీదు.”

అమ్మ నిలబడి నిలబడి లోపలికి వెళ్ళిపోయింది. ఫోన్‌లో వదినగారికి ఏం చెబుతుంది పాపం? “వాడికి మిషన్ తప్ప ఏం పట్టడం లేదు వదినా,” అంది.

*

దసరాకి దుర్గమ్మ కొండ కింద దారులన్నీ మళ్ళిస్తారని తిరుపతిరావు కుటుంబం రైల్లో వచ్చింది. షెడ్డుకి మామిడాకులు కట్టారు. మిషన్‌కి పసుపు, కుంకుమ, బంతిపూల దండ. అమ్మ కొబ్బరికాయ కొట్టింది. సింధూరి ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని పద్మావతి అత్తయ్య పక్కన నిలబడింది. చక్రి వంక చూడలేదు. పండగ రోజు కదా, సిగ్గేమో అనుకున్నాడు మహానుభావుడు.

“మామయ్యా, మీరే పెట్టాలి మొదటి కట్టు.”

తిరుపతిరావు చెప్పులు విడిచి మిషన్ దగ్గరికొచ్చాడు. చేత్తో బెడ్డు నిమిరాడు. స్విచ్చి వేశాడు. బెల్టు కదిలింది, ఇనపకడ్డీని పట్టుకున్న చక్ తిరిగింది, అంత పాత మిషన్ పిల్లి గుర్రుపెట్టినంత మెత్తగా పాడింది. ఆయన లివరు నొక్కాడు. ఇనపకడ్డీ మీద సన్నని గీత మెలికలు తిరుగుతూ పాకింది. మళ్ళీ వెనక్కి తెచ్చి మళ్ళీ పెట్టాడు. గీత లోతయింది. చివరికి మిషన్ ఆపి, నట్టు తీసుకుని వేలితో ఒక్కసారి తిప్పి వదిలాడు. నట్టు ఎక్కడా పట్టకుండా సాఫీగా చివరిదాకా దిగిపోయింది.

“అయింది,” అన్నాడు తిరుపతిరావు. “మీ నాన్న ఉండాల్సిందిరా. ఇద్దరం ఎంత వెధవ పని చేశాం! ఒక్కడు ముందు మాట్లాడినా సరిపోయేది.”

కళ్ళు తుడుచుకుని, పక్కనున్న గేర్ల వరస చూశాడు. నల్లటి పాత గేర్ల మధ్య ఒకటి తెల్లగా మెరుస్తోంది.

“ఇదెక్కడిది?”

“కొత్తగా కోయించా మామయ్యా. మీ పెద్ద గేరు పోయిందిగా.”

“పోవడమేంట్రా? మొన్న కూడా చూశా. సింధు మంచం కింద పాత చీరలో చుట్టి ఉందిగా.”

సింధూరి మొహం ఎర్రబడింది. తల వంచుకుని బయటికి వెళ్ళిపోయింది. పద్మావతి అత్తయ్య గాభరాగా సంచిలోంచి స్వీట్ల డబ్బా తీసి చక్రి చేతిలో పెట్టింది.

“నోరు తీపి చేసుకో నాన్నా. మొన్న శుక్రవారం సింధుకి తాంబూలాలు పుచ్చుకున్నాం. మైలవరం అబ్బాయి, సాయిగణేష్. వాళ్ళ నాయనమ్మకి బాగోలేదని తొందరపెట్టారు. ఫోన్‌లో కాకుండా ఇవాళ వచ్చి చెబుదామని ఆగాం.”

చక్రి డబ్బా అందుకున్నాడు. తర్వాత దాన్ని మిషన్ మీద పెట్టేసి బయటికి నడిచాడు.

సింధూరి షెడ్డు చూరు కింద గోడకానుకుని ఉంది. వాన మొదలైంది.

“నీ దగ్గరే ఉంచుకుని కనపడ్డం లేదన్నావా?” అన్నాడు చక్రి.

“అన్నా.”

“ఎందుకు? అడిగిన రోజే ఇచ్చేయొచ్చుగా.”

“ఇచ్చేస్తే మళ్ళీ ఆదివారం దేనికొస్తావ్?” “అదొక్కటే మిగిలింది బావా నా దగ్గర. అది కూడా ఇచ్చేస్తే నీకు కొండపల్లిలో ఏం పని? ఎన్ని వారాలు అడుగుతాడో చూద్దాం, ఎప్పటికైనా ‘గేరు పోతే పోయింది సింధూ, నేను నీకోసం వచ్చా’ అంటాడేమో అనుకున్నా. నువ్వేమో కొత్తది చేయించి ఫోటో పెట్టావ్. రెస్ట్ తీసుకోమన్నావ్.”

“నీకు కష్టం తగ్గిద్దామని చేశా. ఒట్టు!”

“నాకిప్పుడు తెలుస్తోంది. ఆ రోజు మాత్రం, ఇక నీతో పని లేదు అన్నట్టు చదువుకున్నా. ఫోన్ పట్టుకుని ఎంత ఏడ్చానో అమ్మకి తెలుసు.”

“ఇవాళ అడుగుదామనుకున్నా సింధూ. ట్రయల్ కట్టు పడ్డాక అడుగుదామని... ప్రమాణంగా ఇవాళే.” ఆ మాట పైకి అన్నాక అది ఎంత తెలివితక్కువగా ఉందో అతనికే వినబడింది. “నాకు నువ్వంటే ఇష్టం. చాలా ఇష్టం. ఆ మొదటి రోజు తువ్వాలు విసిరినప్పట్నుంచీ.”

సింధూరి ఏడుస్తూనే నవ్వింది. “చూశావా, ఎంతసేపు పట్టింది? రెండు ముక్కలు.”

“ఇప్పుడే మామయ్యతో మాట్లాడతా.”

“బావా, వద్దు...”

అప్పటికే అతను షెడ్డులోకి వెళ్ళిపోయాడు. తిరుపతిరావు ఒక్కడే బల్ల మీద కూర్చుని ఉన్నాడు, ఆ నట్టూ కడ్డీ చేతిలో పట్టుకుని.

“మామయ్యా, సింధుని నాకివ్వండి.”

తిరుపతిరావు తలెత్తి చూశాడు. కోపం లేదు ఆ మొహంలో.

“వానాకాలమంతా ప్రతి ఆదివారం మా ఇంటికొచ్చావురా. నువ్వొచ్చేవేళకి నేను ఎక్కడికీ వెళ్ళకుండా వరండాలోనే కూర్చునేవాణ్ణి. ఎందుకనుకున్నావ్? ఈ మాట అడుగుతావేమోనని. నువ్వు గేరు సంచిలో వేసుకుని ‘వస్తా మామయ్యా’ అని వెళ్ళిపోయేవాడివి. పోనీ నేనే అడుగుదామా అంటే, ఆడపిల్ల తండ్రిని, మీ ఇంటి గుమ్మంలోంచి ఒకప్పుడు అలిగి వెళ్ళినవాణ్ణి. నోరు రాలేదు.”

“ఇప్పుడడుగుతున్నాగా మామయ్యా.”

“ఇప్పుడు చెప్పాల్సింది నేను కాదు. అది చెప్పాలి.”

సింధూరి గుమ్మంలో నిలబడి ఉంది. కొంగుతో మొహం తుడుచుకుంది.

“సాయిగణేష్ గారు మా ఇంటికొచ్చిన రోజు,” అంది, “కాఫీ కప్పు ఇంకా కింద పెట్టలేదు. అందరి ముందూ నన్ను చూసి, ‘మీకు ఇష్టమేనాండీ? ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పండి, నేనేమీ అనుకోను’ అన్నారు. నన్ను ఒకరు అలా అడగడం అదే మొదటిసారి బావా. నువ్వు అడుగుతావని అంతగా ఎదురుచూసి ఉన్నానేమో, ఆ మాట వినగానే నాకు ఏడుపొచ్చింది. ఆయన కంగారుపడిపోయారు. తర్వాత ఫోన్ చేసి ఎందుకేడ్చారని అడిగారు. నీ గురించి చెప్పేశా. అంతా విని, ‘ఇంకో రెండు రోజులు ఆగుదామా, ఆయన వస్తాడేమో’ అన్నారు. రెండు రోజులు ఆగాం.”

చక్రికి ఆ రెండు రోజులు తను ఎక్కడున్నాడో గుర్తొచ్చింది. మిషన్ కింద ఉన్నాడు.

“చెడ్డవాడైతే బాగుండేది,” అంది సింధూరి. “మంచివాడు. నాకు ఆయన మీద గౌరవం ఉంది, ఇష్టం కూడా మొదలైంది. నీ దగ్గర అబద్ధమాడలేను. అలాంటి మనిషిని నేను వెనక్కి పంపలేను బావా.”

చక్రి తల ఊపాడు. అనడానికి ఇప్పుడు ఎన్నో మాటలు వస్తున్నాయి, ఒక్కటీ పనికొచ్చేది కాదు.

“నీదొక్కడిదే కాదులే తప్పు,” అంది ఆమె, నెమ్మదిగా. “నువ్వు మిషన్ అయ్యాక చెబుదామనుకున్నావ్. నేను గేరు దాచి చెప్పేశాననుకున్నా. ఇద్దరం నోరుండి మూగవాళ్ళమయ్యాం.”

సాయంత్రానికి వాన తెరిపిచ్చింది. కొండపల్లి రైలుకి టైమైందని అమ్మ ఆటో పిలిచింది. వదినా మరదళ్ళు గేటు దగ్గర ఒకరి చేతులొకరు పట్టుకుని మాట్లాడుకుంటున్నారు, ఇన్నేళ్ళ బాకీ కబుర్లు. సింధూరి ముందే ఎక్కి లోపల మూలకి కూర్చుంది. చక్రి మామయ్యని చెయ్యి పట్టుకుని ఆటో దాకా తీసుకొచ్చాడు.

ఎక్కబోతూ తిరుపతిరావు ఆగాడు. “వస్తూ ఉండరా,” అన్నాడు. “పని ఉంటేనే రావాలని లేదు. ఊరికే కూడా రావచ్చు.”

“వస్తాను మామయ్యా,” అన్నాడు చక్రి.

ఆ ఊరికే వెళ్ళడమనేది ఒక్క ఆదివారం ముందు తోచి ఉంటే ఎంత బాగుండేది! ఆటో కదిలింది. సింధూరి వెనక్కి తిరిగి చూసింది. చక్రి చెయ్యి ఊపాడు. ఆటో బందరు రోడ్డు వైపు మలుపు తిరిగేదాకా ఊపుతూనే ఉన్నాడు.